చూసిన సినిమా గురించి మాట్లాడబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. బరంపురంలో మీ స్నేహితులంతా ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరి, ఈ మధ్య చూసిన సినిమాల గురించి మాట్లాడుకుందామని మొదలుపెట్టిన కూటమి హీరోల అభిమానుల తగాదాగా మారుతోందనీ, వచ్చే వారం మొదట మాట్లాడే వంతు నీదనీ రాశావు. ఎలా మాట్లాడాలని అడిగావు. తెర మీద ఏం చూశావో, హాలులో ఏం విన్నావో ముందు చెప్పు. అది నీకు నచ్చిందా లేదా అన్నది ఆ తర్వాత చెప్పు. ఈ వరుస తలకిందులైన చోటే తగాదా పుడుతుంది. ఎందుకంటే, నీకు నచ్చిందన్నప్పుడు ఎదుటివాడు తలూపడమో కొట్టిపారేయడమో తప్ప చేయగలిగింది లేదు. అదే ఒక సన్నివేశం గురించి చెబితే, తానూ దాన్ని చూసినవాడే కనుక, నీ మాటకు తన మాట కలపగలడు.

"ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశారు" అన్న మాట మనవాళ్ళందరి నోటా వినిపిస్తుంది. ఆ మాట నీ నోటికి వచ్చినప్పుడు కాసేపు ఆగి, విసుగు ఏ సన్నివేశంలో మొదలైందో గుర్తుచేసుకో. మనకు అప్పటికే తెలిసిన సంగతిని ఇంకో పాత్ర చేత మళ్ళీ చెప్పించారా? కథానాయకుడు కోరుకున్నది ఇంటర్వెల్‌కే దక్కిపోయి, ఆ పైన అతనికి కోరుకోవడానికి ఏమీ మిగలకుండా పోయిందా? లేక రెండు నిమిషాల్లో ముగియవలసిన పోరాటం పది నిమిషాలు నడిచిందా? ఈ మూడూ ఒకే రకం విసుగులాగా అనిపిస్తాయి గానీ, మొదటి రెండూ కథ రాసుకున్న నాడే పడిన లోపాలు. ఎడిటర్ ఎంత కత్తిరించినా అవి పోవు. మూడోది మాత్రమే ఎడిటింగ్ గదిలో సరిదిద్దడానికి వీలున్నది. ఇది విడమరచుకోకుండా "ఎడిటింగ్ బాగాలేదు" అనడం ఒకరి తప్పును మరొకరి నెత్తిన వేయడమే అవుతుంది.

మెచ్చుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించు. నిజానికి అప్పుడే ఇది మరీ అవసరం. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పడవ మీద పాట వస్తుంటే తెరంతా పరుచుకున్న వెన్నెలను మనం ఈనాటికీ తలచుకుంటున్నాం. అది మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపుల్లో తన కెమెరాతో, దీపాలతో పుట్టించిన వెన్నెల అని తెలిసినవారు తెలియనివారికి చెబుతూ వచ్చారు కనుకనే ఆయన పేరు మన దాకా చేరింది. "పాట అద్భుతం" అని అందరూ ఊరుకుని ఉంటే చేరేది కాదు.

ఇక, సినిమా లోపాన్నీ హాలు లోపాన్నీ వేరుచేయడం నేర్చుకోవాలి. మాటలు వినపడకుండా సంగీతం మోగిపోయిందని చాలామంది సంగీత దర్శకుణ్ణి తిడతారు. హాలులో సంభాషణలు చాలావరకు తెర వెనుక మధ్యలో ఉండే స్పీకర్ల నుంచి వస్తాయి. సంగీతమూ ఇతర శబ్దాలూ పక్కల నుంచీ వెనుక నుంచీ కూడా వస్తాయి. ఆ మధ్య స్పీకరు బలహీనపడిన హాలులో ఎంత జాగ్రత్తగా తీసిన సినిమాలోనైనా మాట మునిగిపోతుంది. అలాగే, ప్రొజెక్టరులో దీపం పాతబడితే రాత్రి సన్నివేశాలు మసకబారుతాయి. త్రీడీ కళ్ళద్దాలు పెట్టుకుంటే వెలుతురు ఇంకా తగ్గుతుంది. మీలో కొందరు బరంపురంలోనే చూస్తారు, కొందరు తెలుగు ఆట కోసం ఇచ్ఛాపురం దాకా వెళ్ళి చూస్తారు. అదే సినిమాను మరో హాలులో చూసినవారు మీ మధ్యనే ఉండగా, వారిని ఒక్క మాట అడిగి ఆ తర్వాత తీర్పు చెప్పడం న్యాయం.

మీ కూటమిలో ఒడియా స్నేహితులు కూడా ఉన్నారన్నావు. చాలా సంతోషం. వారిలో ఎక్కువమంది మన సినిమాలను హిందీలో చూస్తారు కనుక, ఎవరు ఏ భాషలో చూశారో మాట మొదలుపెట్టకముందే చెప్పుకోండి. 'పుష్ప'ను హిందీలో చూసి అల్లు అర్జున్ డైలాగు చెప్పిన తీరు గొప్పగా ఉందని మెచ్చుకునే మిత్రుడు నిజానికి విన్నది శ్రేయస్ తల్పడే గొంతు. నువ్వు తెలుగులో విన్నది చిత్తూరు వైపు యాస. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ సంగతి ముందే తెలిస్తే, ఒక పాత్ర గొంతూ యాసా మారినప్పుడు మనిషే ఎలా మారిపోతాడో మీరు కలిసి పోల్చి చూసుకోవచ్చు. హైదరాబాదులో కూర్చుని మాట్లాడుకునేవారికి ఈ అవకాశం మీకు దొరికినంత సులువుగా దొరకదు.

యాస దగ్గరే మరి కొంచెం ఆగుతాను. ఈ విషయం నా మనసుకు చాలా దగ్గరిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మనం సరిహద్దు గీతకు ఇవతల, ఒరిస్సాలో ఉండిపోయాం గానీ, మన ఇళ్ళలో మాట మాత్రం శ్రీకాకుళం మాటతో కలిసే నడిచింది. అటువంటి మాటను మన సినిమాలు చాలాకాలం పాటు నవ్వించే చిన్న పాత్రలకే ఎక్కువగా కట్టబెట్టాయి. నాయకుడు ప్రేమించడానికీ ఏడవడానికీ అది పనికిరాదన్నట్టు చూశాయి. వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ఆ ధోరణి చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది. అందుకే 2025లో చందూ మొండేటి దర్శకత్వంలో వచ్చిన 'తండేల్' వంటి సినిమా గురించి మీరు తప్పకుండా మాట్లాడాలి. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఉదంతం దానికి ఆధారం. అందులో నటులు మన యాసను ఎక్కడ ఒంటబట్టించుకున్నారో, ఎక్కడ అరువు మాటలా పలికారో వాక్యంతో సహా చెప్పగలవారు మీరే. వీలైతే, గోపాలపూర్ ఒడ్డున తెలుగు మాట్లాడే మత్స్యకారులను కూడా అడగండి. బోటు మీద మనిషి నిలబడే తీరు, వల లాగే తీరు సరిగా ఉన్నాయా లేదా అన్నది వారికి తెలిసినంతగా ఏ విమర్శకుడికీ తెలియదు.

చూడనివారి ముందు కథ చెప్పకూడదని నీకు తెలుసు, కానీ చెప్పకుండా మాట్లాడడం ఎలాగో చాలామందికి తెలియదు. 'కేరాఫ్ కంచరపాలెం'నే తీసుకో. 2018లో వచ్చిన ఆ సినిమా ముగింపులో తేలే సంగతి ముందే తెలిస్తే, చూసేవాడికి సగం ఆనందం పోతుంది. అయినా దాని గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు. వేర్వేరు వయసుల్లో నడిచే నాలుగు ప్రేమకథలని చెప్పవచ్చు. ఆ ఊరివారే చాలామంది నటించారనీ, దర్శకుడు వెంకటేష్ మహాకు అది మొదటి సినిమా అనీ చెప్పవచ్చు. ఇంటర్వెల్ దాకా జరిగిన దానిలోంచి నీకు నచ్చిన ఒక సన్నివేశాన్ని పూర్తిగా వర్ణించవచ్చు. ఇంటర్వెల్ గీత దాటకపోతే చాలు.

వసూళ్ళ లెక్కలను మీ కూటమిలోకి రానివ్వవద్దు. పోస్టర్ల మీద వేసే గ్రాస్ టిక్కెట్ల మొత్తం అమ్మకం. పన్నూ హాలు అద్దే పోగా పంపిణీదారుకు మిగిలే షేర్ వేరు. ఈ రెండూ కలిపేసి కొట్టుకునే అభిమానులెవరూ సినిమా గురించి మాట్లాడుతున్నట్టు కాదు. దానికి బదులు, పిల్లలున్నవారికి ఉపయోగపడే లెక్క ఒకటి చెప్పు. 2024లో వచ్చిన నిబంధనలతో సెన్సారువారు యూఏ సర్టిఫికెట్టును 7 ఏళ్ళు, 13 ఏళ్ళు, 16 ఏళ్ళు పైబడినవారికంటూ మూడుగా విడదీశారు. నువ్వు చూసిన సినిమా అందులో దేని కిందికి వస్తుందో, ఏ రకం హింస ఉందో చెబితే తల్లిదండ్రులు నీకు రుణపడి ఉంటారు.

నీ మాటను ఎవరైనా కాదంటే, ఏ సన్నివేశం చూసి అలా అనిపించిందని మర్యాదగా అడుగు, జవాబు పూర్తయ్యేదాకా అడ్డు రావద్దు. మీ అమ్మ కూడా వస్తానందని రాశావు, తప్పకుండా తీసుకువెళ్ళు. చిన్నప్పటి నుంచీ ఆమె సినిమా చూసి వచ్చాక, ఏ పాత్ర ఏ మాట ఏ సందర్భంలో అన్నదో తడుముకోకుండా చెప్పేది. ఈసారి ఏం చెప్పిందో నాకు వివరంగా రాసి పంపు.