‘లెప్ర’ అంటే అన్నిచోట్లా కుష్ఠేనా?

ప్రశ్న: చాసర్ (14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి) కాలపు ఇంగ్లిష్ రాతల్లో ‘లెప్ర’ అని వస్తే కుష్ఠు అనే రాసుకోవచ్చా? ‘టెటర్’ అంటే ఏమి?
– ఎం.ఏ. విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: కళ్లు మూసుకుని అలా రాయొద్దమ్మా. గ్రీకులో ‘లెప్ర’ అంటే పొలుసులు రాలే చర్మరోగం. అసలు కుష్ఠును గ్రీకు వైద్యులు ‘ఎలిఫెంటియాసిస్’ (నేటి బోదకాలు కాదు) అన్నారు. లాటిన్ అనువాదాల్లో రెండూ కలగలిసిపోయాయి. అందుకే పేరు కాదు, లక్షణాలు చూడు: కనుబొమలు రాలడం, గొంతు బొంగురుపోవడం, స్పర్శ తెలియకపోవడం ఉంటే కుష్ఠు కావచ్చు. వట్టి పొలుసులూ దురదా అయితే సోరియాసిస్, గజ్జి, ఏదైనా కావచ్చు.

ఆ రాతల్లోనే ‘మెజెల్’ కనబడితే జాగ్రత్త, ‘మీజిల్స్’లా వినబడినా తట్టు కాదు, కుష్ఠురోగి. ‘దీనుడు’ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది.

‘టెటర్’ మనకు చుట్టమే! సంస్కృత ‘దద్రు’తో ఒకే మూలం. తామర లాంటి దురద మచ్చలన్నిటికీ వాడేవారు. అలాగే చర్మం మీది మచ్చలకు వాడిన ‘మార్ఫ్యూ’ అనే పాత మాటకు మన ‘శోభి’ దగ్గరి మాట.