ఒకే చోట నొప్పికి మూడు రకాల ఎక్స్‌రేలు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 33 ఏళ్లు. మాది కరీంనగర్. రెండు నెలలుగా కింది దవడలో కుడివైపు చివర నొప్పి వస్తోంది. మొదట చూసిన డెంటిస్టు నోట్లో చిన్న పలక పెట్టి ఎక్స్‌రే తీసి, జ్ఞానదంతానికి ముందున్న పన్ను వెనకవైపు పుచ్చిందన్నారు. తర్వాత ఓపీజీ (రెండు దవడలూ ఒకే చిత్రంలో వచ్చే ఎక్స్‌రే) తీయించమన్నారు. అందులో జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉందని, దాని వేర్ల దగ్గర నరం కాలువ తెల్లగీత తెగినట్టు కనిపిస్తోందని రాశారు. ఆ పన్ను తీయించుకోవడానికి వెళితే సర్జన్ ఇప్పుడు సీబీసీటీ (దవడను అన్ని కోణాల నుంచీ చూపే 3డీ స్కాన్) కావాలంటున్నారు. ఇన్ని ఎక్స్‌రేలు నిజంగా అవసరమా? మేము రెండో బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాం కాబట్టి రేడియేషన్ అంటే భయంగా ఉంది. పదేళ్ల మా అమ్మాయికి క్లిప్పులు వేయడానికి కూడా రెండు ఎక్స్‌రేలు అడిగారు. తీయించవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మూడింటికీ తగిన కారణం కనిపిస్తోంది. మొదటిది పంటి కోసం, రెండోది దవడ కోసం, మూడోది దవడ ఎముకలో సాగే నరం కోసం అడిగారు. ఒక ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించేది మరో దానిలో మసకగా ఉండవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. ఈ సంగతి ముందే విడమరచి చెప్పి ఉంటే మీకు ఇంత ఆందోళన ఉండేది కాదు. ఆ లోటు మా వైద్యులదే.

మొదట మీ నోట్లో పలక పెట్టి తీసిన దాన్ని ఐఓపీఏ అంటారు. ఫిల్ముకు బదులు కంప్యూటర్‌కు కలిపిన సెన్సర్‌తో తీస్తే క్లినిక్కుల్లో దాన్నే ఆర్‌వీజీ అని పిలుస్తున్నారు. ఇందులో రెండు మూడు పళ్లు మాత్రమే పడతాయి గానీ, పైభాగం నుంచి వేరు కొసవరకూ ఇంత స్పష్టంగా చూపించేది ఇంకొకటి లేదు. పంటి పైపొర అన్నిటికంటే తెల్లగా, దాని లోపలి పొర కాస్త బూడిదరంగులో, నడుమ నరం ఉండే గది నల్లగా కనిపిస్తాయి. పుచ్చిన చోట తెలుపు కరిగి నల్లటి మచ్చ పడుతుంది. వేరు చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లగీత, దాన్ని ఆనుకుని ఒక తెల్లగీత ఉంటాయి. వేరు కొస దగ్గర ఆ నల్లగీత వెడల్పయి తెల్లగీత చెదిరితే లోపలి ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకిందని అనుమానిస్తాం.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎముకలోని ఖనిజంలో మూడోవంతు నుంచి సగం దాకా కరిగితే తప్ప ఆ మార్పు ఈ చిత్రంలో కంటికి ఆనదు. అందుకే రాత్రంతా నిద్ర పట్టనంత నొప్పితో వచ్చినవారి ఎక్స్‌రే ఏ లోపమూ లేనట్టు ఉండవచ్చు, నొప్పే లేనివారి ఎక్స్‌రేలో వేరు కింద పెద్ద నల్లటి మచ్చ కనిపించవచ్చు. పంటిని మెల్లగా తట్టి చూడటం, చల్లటిది తగిలించి పరీక్షించడం, చిగురును నొక్కి చూడటం చేయకుండా కేవలం ఎక్స్‌రే చూసి నిర్ణయం తీసుకునే వైద్యం నాకు నచ్చదు. మరో పరిమితి ఏమిటంటే ఇది నీడ మాత్రమే కాబట్టి బుగ్గవైపు ఉన్నదీ నాలుకవైపు ఉన్నదీ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. రూట్ కెనాల్ చేసేటప్పుడు ట్యూబును కాస్త పక్కకు వంచి మరోసారి తీయడం ఆ రెండింటినీ విడదీసి చూడటానికే. ఆ చికిత్సలో మొదట ఒకటి, వేరు పొడవు కొలిచేందుకు ఒకటి, కాలువలు నింపాక ఒకటి తీయడం మామూలే. వాటిని బిల్లు పెంచే ఎత్తుగడగా భావించకండి.

నోట్లో పెట్టి తీసే వాటిలోనే బైట్‌వింగ్ అని ఇంకొకటి ఉంది. చిన్న రెక్కలాంటి దాన్ని పళ్ల మధ్య కరచి పట్టుకుంటే పై పళ్లూ కింది పళ్లూ పైభాగాలతో ఒకే చిత్రంలో వస్తాయి. రెండు పళ్లు ఒరుసుకునే చోట, అంటే అద్దంలో గానీ వైద్యుడి కంటికి గానీ దొరకని చోట మొదలయ్యే పుచ్చును తొలిదశలోనే పట్టిచ్చేది ఇదే. పళ్ల మధ్య ఎముక ఎంత కిందికి దిగిందో కూడా చెబుతుంది కాబట్టి చిగుళ్ల జబ్బులోనూ పనికొస్తుంది. వేరు కొసలు మాత్రం ఇందులో పడవు. నా అనుభవంలో మన దగ్గర అవసరమైనంతగా తీయనిది ఇదే. దీన్ని 1925లోనే ప్రవేశపెట్టారు, ఖర్చూ తక్కువ. అయినా నొప్పి వచ్చాకే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లే అలవాటు వల్ల దీని అవసరం పడే దశను మనం ఎప్పుడో దాటిపోయి ఉంటాం. అన్నం తినేటప్పుడు దవడ కింద వాపు వచ్చి తగ్గేవారిలో లాలాజల నాళంలో రాయి ఉందేమో చూడటానికి, చిన్నపిల్లల ముందు పళ్ల వెనక అదనపు పన్ను దాగిందేమో వెతకడానికి ఆక్లూజల్ అనే మరో రకం తీస్తారు. మీకు దానితో పనిలేదు.

మీకు రెండో ఎక్స్‌రేగా ఓపీజీ ఎందుకు అడిగారంటే, అడ్డంగా ఉన్న జ్ఞానదంతం మొత్తం ఆ చిన్న పలకలో ఇమడదు. పలకను అంత వెనక్కు నెడితే చాలామందికి వాంతి వచ్చినట్టవుతుంది. ఓపీజీ యంత్రం తల చుట్టూ తిరుగుతూ ఒక చెవి దగ్గర నుంచి మరో చెవి దగ్గర వరకు రెండు దవడలనూ పరిచినట్టు ఒకే చిత్రంగా చూపిస్తుంది. బయటికి రాని పళ్లు, దవడ ఎముకలోని నీటితిత్తులు, విరుగుళ్లు, దవడ కీళ్ల ఆకారం, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం సాగే కాలువ అన్నీ అందులో ఉంటాయి. అయితే అది ఊరి పటంలాంటిది. ఏ వీధి ఎక్కడుందో చెబుతుంది గానీ ఇంటి గోడకు పడ్డ పగులు చూపించదు. పళ్ల మధ్య చిన్న పుచ్చు ఇందులో తప్పిపోతుంది. మెడ ఎముకల నీడ అడ్డుపడి ముందు పళ్లు మసకబారతాయి. అసలు కొలతల కంటే బొమ్మ పెద్దదిగా వస్తుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. ఓపీజీ మీద స్కేలు పెట్టి ఇంప్లాంట్ పొడవు నిర్ణయించడం అందుకే సరికాదు.

ఓపీజీ తీసే ముందు కమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసులు, జడపిన్నులు, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు తీసేయమంటారు. మంగళసూత్రం తీయడానికి కొందరు మొహమాటపడతారు. మెడ వెనక ఉన్న భాగాన్ని వీలైనంత కిందికి జార్చుకుంటే ఇబ్బంది కొంత తగ్గుతుంది. కమ్మ తీయకపోతే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూస్తే ఆ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. ఎడమ చెవి కమ్మ దాని స్థానంలో ఎలాగూ కనిపిస్తుంది. అది కాక దాని దొంగనీడ ఒకటి కుడివైపున, కొంచెం పైకి, పెద్దదిగా, అలికినట్టు పడుతుంది. ఆ నీడ సరిగ్గా పై దవడ పళ్ల వేర్ల మీద పడితే అక్కడేముందో ఎవరూ చెప్పలేరు, మళ్లీ తీయించాల్సిందే. ముందు పళ్లతో పుల్లను కరచి, నాలుకను అంగిటికి ఆనించి, యంత్రం తిరిగే పదిహేను సెకన్లూ కదలకుండా ఉండటం మీ చేతిలోని పని.

ఇక సీబీసీటీ. మీ రిపోర్టులోని ఆ ఒక్క వాక్యమే సర్జన్‌ను ఆలోచనలో పడేసి ఉంటుంది. నరం కాలువకు పైనా కిందా రెండు తెల్లగీతలు ఉండాలి. జ్ఞానదంతం వేరు దాన్ని దాటే చోట ఆ గీత తెగినట్టు కనిపించినా, వేరు ఆ చోట నల్లబడినా, కాలువ దారి మళ్లినా వేరూ నరమూ ఆనుకుని ఉన్నాయన్న అనుమానం బలపడుతుంది. పన్ను తీసేటప్పుడు ఆ నరం నలిగితే కింది పెదవి, గడ్డం ఒకవైపు మొద్దుబారతాయి. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది గానీ కొద్దిమందిలో మిగిలిపోతుంది. ఓపీజీలో వేరు, కాలువ ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయే తప్ప నరం బుగ్గవైపు ఉందో నాలుకవైపు ఉందో, మధ్యలో ఎముక పొర మిగిలిందో లేదో తెలియదు. సీబీసీటీ ఆ ప్రాంతాన్ని పలుచని ముక్కలుగా కోసి చూపినట్టు ఏ కోణం నుంచైనా చూపిస్తుంది. దాన్ని చూశాక సర్జన్ పంటిని ఏ వైపు నుంచి కోయాలో నిర్ణయిస్తారు, లేదా వేర్లను అలాగే వదిలి పైభాగం మాత్రమే తీసే పద్ధతిని ఎంచుకుంటారు. చికిత్స పద్ధతే మారే అవకాశం ఉన్నప్పుడు ఆ పరీక్ష చేయించడం న్యాయం. అదే, కాలువకు దూరంగా నిటారుగా ఉన్న జ్ఞానదంతానికి కూడా సీబీసీటీ అడిగితే, ‘దీనివల్ల మీరు చేసే పనిలో ఏం మారుతుంది?’ అని నిస్సంకోచంగా అడగండి.

మీరు అడగాల్సింది ఇంకొకటి ఉంది. తల మొత్తం కాకుండా కుడివైపు కింది దవడ చివరి భాగానికే పరిమితం చేసి తీయమనండి. రేడియేషన్ తగ్గుతుంది, బొమ్మ కూడా మరింత సునిశితంగా వస్తుంది. సీబీసీటీ అన్నిటికీ మందు కాదు. లోహపు క్యాప్ ఉన్నచోట తెల్లటి చారలు పడి పక్కనున్న పుచ్చు కనిపించదు, చిగుళ్ల వంటి మెత్తటి భాగాల గురించి పెద్దగా చెప్పదు.

రేడియేషన్ భయం గాలిలోంచి పుట్టింది కాదు. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌కిరణాలను కనుగొంటే, 1896 జనవరిలోనే జర్మనీకి చెందిన దంతవైద్యుడు ఆటో వాల్కాఫ్ 25 నిమిషాల పాటు కదలకుండా పడుకుని తన పళ్లనే ఎక్స్‌రే తీయించుకున్నాడు. అమెరికాలో ఈ పరీక్షకు బాటలు వేసిన ఎడ్మండ్ కెల్స్, కిరణాల బలం చూసుకోవడానికి పదేపదే తన చేతినే అడ్డం పెట్టి, వేళ్లతో మొదలై చివరికి చెయ్యే పోగొట్టుకున్నాడు. ఇప్పుడు నోట్లో తీసే ఎక్స్‌రేకు సెకనులో చిన్న భాగం చాలు. దానితో అందే రేడియేషన్ సుమారు 5 మైక్రోసీవర్టుల (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో, ఓపీజీతో 10 నుంచి 25 వరకు, చిన్న పరిధిలో తీసే సీబీసీటీతో కొన్ని పదుల్లో ఉంటుంది. తల మొత్తానికి తీస్తే అది వందల్లోకి వెళ్లవచ్చు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి సహజంగా ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2,400 మైక్రోసీవర్టులు, అంటే రోజుకు 6 లేదా 7. మీ మూడు ఎక్స్‌రేలూ కలిపితే, సీబీసీటీ చిన్న పరిధిలో తీసిన పక్షంలో, రెండు మూడు వారాలు ఊరికే బతికితే అందేదానికి అటూఇటుగా ఉంటుంది.

గర్భం విషయానికి వస్తే, కిరణాలు దవడ వైపే వెళతాయి కాబట్టి కడుపుకు చేరేది లెక్కలోకి రానంత తక్కువ. అయినా నెలసరి తప్పి ఉంటే ఆ సంగతి తీసేవారికి ముందే చెప్పండి. నా సలహా ఏమిటంటే ఈ పరీక్ష, ఆపరేషన్ రెండూ గర్భం రాకముందే ముగించుకోండి. దీనికి కారణం రేడియేషన్ కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఆ జ్ఞానదంతం చుట్టూ చీము పడితే మందుల ఎంపిక, ఆపరేషన్ వేళ, నోరు తెరిచి పడుకోవడం అన్నీ కష్టమవుతాయి. అప్పుడు కూడా అత్యవసరమైతే ఒక చిన్న ఎక్స్‌రే తీయించుకోవచ్చు, దానికి భయపడి ఇన్ఫెక్షన్‌ను ముదరబెట్టుకోవడమే ప్రమాదం. సీసపు ఏప్రాన్ వేయలేదని కొందరు వైద్యుడితో గొడవపడతారు. ఇప్పటి యంత్రాల్లో కిరణాలు అవసరమైన చోటికే పరిమితమవుతాయి కాబట్టి ఏప్రాన్, మెడపట్టీ మామూలుగా అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో సూచించింది. వేస్తే మీకు నష్టం లేదు గానీ, ఓపీజీలో మెడపట్టీ కిరణాలకు అడ్డుపడి బొమ్మను పాడుచేస్తుంది.

మీ అమ్మాయికి అడిగిన రెండూ ఓపీజీ, లాటరల్ సెఫలోగ్రామ్ అయి ఉంటాయి. రెండూ తీయించవచ్చు. ఊడాల్సిన పాలపళ్లు, లోపల తయారవుతున్న శాశ్వత పళ్లు ఏ వరసలో ఉన్నాయో, ఏదైనా పన్ను అసలు లేకుండా పోయిందో ఓపీజీ చెబుతుంది. సెఫలోగ్రామ్ తలను పక్కనుంచి తీసే ఎక్స్‌రే. పళ్లు ఎత్తుగా ఉండటానికి కారణం పళ్ల వంపా, పై దవడ ముందుకు పెరగడమా, కింది దవడ వెనకబడటమా అన్నది కోణాలు కొలిచి తేల్చేది దీనితోనే. జవాబును బట్టి చికిత్స పూర్తిగా వేరవుతుంది. అందులో పడే మెడ ఎముకల ఆకారం చూసి ఎదుగుదల ఇంకా ఎంత మిగిలిందో కూడా అంచనా వేయవచ్చు. పిల్లల శరీరానికి రేడియేషన్ పట్ల సున్నితత్వం ఎక్కువ, అందువల్ల క్లిప్పులు వేసే ప్రతి బిడ్డకూ సీబీసీటీ తీయడాన్ని నేను ఒప్పుకోను. కోరపన్ను పక్కదారి పట్టి పక్క పంటి వేరును తినేస్తోందన్న అనుమానం వంటి ప్రత్యేక కారణం ఉండాలి. ఏ ఇబ్బందీ లేకుండా ప్యాకేజీలో ఉచితంగా వస్తోందని ఆరు నెలలకోసారి ఓపీజీ తీయించడం కూడా అనవసరం.

ఒకసారి తీసిన దాన్ని భద్రంగా ఉంచుకుంటే మళ్లీ తీయాల్సిన పని తప్పుతుంది. ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని ఫోన్లో తీసి వాట్సాప్‌లో పంపే బొమ్మలో వెంట్రుకవాసి గీతలేవీ మిగలవు. తీసిన కేంద్రం నుంచి అసలు డిజిటల్ ఫైలు అడిగి తీసుకోండి. సీబీసీటీకి అయితే సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఇస్తారు, కాగితం మీద ముద్రించిన నాలుగు బొమ్మలతో సరిపెట్టుకోవద్దు. వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లినా వాటినే చూపండి.

సీబీసీటీ అయ్యాక సర్జన్‌ను, మీ డెంటిస్టును ఇద్దరినీ ఒకటి అడగండి: ముందున్న పన్ను నిలబడుతుందా? పుచ్చు వెనకవైపు ఉంది కాబట్టి జ్ఞానదంతం అడ్డు తొలగితే గానీ దాన్ని శుభ్రంగా నింపడం సాధారణంగా వీలుపడదు. ఆ పుచ్చు ఎముక అంచు కంటే కిందికి దిగిందా లేదా అన్నది మొదట తీసిన చిన్న ఎక్స్‌రేలోనే ఉంటుంది, దాన్ని పారేయకండి. ఈలోగా నోరు తెరుచుకోవడం తగ్గినా, జ్వరంతో పాటు వాపు మెడ వైపు దిగినా, మింగడం కష్టమైనా సీబీసీటీ తేదీ కోసం ఎదురుచూడకుండా, రాత్రి పూటయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి.