చక్కెరలన్నీ ఒకటి కావని మా ఇంట్లో తెలిసిన రాత్రి

మీ నాన్నగారికి షుగర్ బయటపడిందని, ఇంట్లో ఒకరు చక్కెర బదులు బెల్లం వాడమంటుంటే మరొకరు తేనె మంచిదంటున్నారని, అన్నం పూర్తిగా మానేసి జొన్నరొట్టెకు మారమని బంధువులు పట్టుబడుతున్నారని రాశారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పిండిపదార్థం, పీచు ఇవన్నీ ఒకటేనా, దేని పని ఏమిటి అని అడిగారు. నేను హన్మకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. మా అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మా ఇంట్లో జరిగినదానితోనే మొదలుపెడతాను.

నాలుగేళ్ల కిందట, ఎండాకాలం. అమ్మ రాత్రి మాత్ర వేసుకుని, ఆకలిగా లేదంటూ రెండు ముద్దలు తిని పడుకుంది. పదకొండు గంటలకు మూలుగు విని లేచి చూస్తే ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, నన్ను మా చెల్లెలి పేరుతో పిలుస్తోంది. గ్లూకోమీటరులో 54 చూపించింది. 70 కంటే తగ్గినా జాగ్రత్త పడాలి. గబగబా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. పావుగంట తరువాత చూస్తే 57. ఇంకో మూడు చెంచాలు కలిపి ఇచ్చాను. మరో పావుగంటకు 59. అంత చక్కెర తాగిన మనిషి రక్తంలో చక్కెర పెరగకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు, కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్ చేస్తే డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "ఆమె మాత్రలో వోగ్లిబోస్ ఉందా?" అట్ట వెనక చూశాను. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్‌తో పాటు అదీ ఉంది. "అయితే చక్కెర ఆపి గ్లూకోజ్ పొడి ఇవ్వండి" అన్నారు. వీధి చివర మందుల దుకాణం ఆయనను నిద్ర లేపి పొట్లం తెచ్చి, మూడు చెంచాలు కలిపి తాగించాను. పావుగంటలో 91కి వచ్చింది. అమ్మ నన్ను నా పేరుతో పిలిచింది.

మనం వంటింట్లో వాడే చక్కెర పేరు సుక్రోజ్. ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు కలిసిన జంట అది. చిన్నపేగు గోడ మీద ఉండే ఎంజైము ఆ జంటను విడదీస్తేనే రెండూ రక్తంలోకి వెళ్తాయి. వోగ్లిబోస్, అకార్బోస్ వంటి మందులు చేసే పని ఆ ఎంజైమును అడ్డుకోవడమే. భోజనం చేయగానే షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఉండడానికి వాటిని ఇస్తారు. గ్లూకోజు మాత్రం ఒంటరి అణువు, విడదీయవలసింది ఏమీ లేదు, నేరుగా లోపలికి పోతుంది. సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుందన్న సమీకరణాన్ని నేను ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. దానికీ అమ్మ మాత్రల అట్టకూ సంబంధం ఉందని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మీ ఇంట్లో అలాంటి రాత్రి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒంటరి చక్కెరల్లో ముఖ్యమైనవి మూడు: గ్లూకోజు, ఫ్రక్టోజు, గెలాక్టోజు. మూడింటిలోనూ ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లే. అమరికలోనే తేడా. జంట చక్కెరల్లో సుక్రోజు గురించి చెప్పాను. పాలలోని లాక్టోజు గ్లూకోజు, గెలాక్టోజుల జంట. మొలకెత్తే గింజల్లో ఉండే మాల్టోజు రెండు గ్లూకోజుల జంట. అన్నం ముద్దను మింగకుండా ఓపికగా నమిలి చూడండి, కాసేపటికి నాలుకకు తీపి తగులుతుంది. లాలాజలం అన్నంలోని పిండిని మాల్టోజుగా విరగ్గొడుతోందన్నమాట. మా పిల్లలకు ఈ పాఠం చెప్పేరోజు తలా ఒక ముద్ద అన్నం తెచ్చుకోమంటాను.

పెద్ద గొలుసుల సంగతి చెప్పడానికి అమ్మ నూలుచీరలే నాకు మంచి ఉదాహరణ. ఇప్పటికీ అన్నం వార్చిన గంజిని నీళ్లు పోసి పలచన చేసి, గుడ్డలో వడగట్టి, ఉతికిన చీరను అందులో ముంచి పిండి ఆరేస్తుంది. ఆరాక చీర పెళపెళలాడుతుంది. ఆ గంజి, అంటే పిండిపదార్థం, వందలు వేల గ్లూకోజుల గొలుసు. గంజి పట్టిన ఆ నూలుపోగు కూడా గ్లూకోజుల గొలుసే! వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు లారీల్లో వచ్చే పత్తి దూదిలో దాదాపు అంతా సెల్యులోజే, సెల్యులోజు అంతా గ్లూకోజే. గొలుసులో ఒక లంకెకూ మరో లంకెకూ మధ్య అతుకు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. అంతే తేడా. మొదటి రకం అతుకును తెంచే ఎంజైము మన ఒంట్లో ఉంది, రెండోదాన్ని తెంచేది లేదు. గేదె కడుపులో ఆ పని చేసే సూక్ష్మజీవులు ఉన్నాయి కాబట్టి అది గడ్డి తిని బతుకుతుంది. మనం తిన్న ఆకుకూరలో, తవుడు తీయని గింజలో ఉండే సెల్యులోజు అరగకుండా పేగుల్లోకి జారి, విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. నీటిలో జిగురుగా కరిగే మరో రకం పీచు, మెంతుల్లో ఉండేలాంటిది, పక్కనే ఉన్న పిండి అరిగి రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు పీచు తినమని చెప్పేది ఇందుకే.

ఇక అన్నం. బియ్యంలోని పిండిలో రెండు రకాల గొలుసులున్నాయి. అమైలోజు కొమ్మలు లేని తీగ, అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలేసిన చెట్టు. కొమ్మలు ఎక్కువుంటే ఎంజైములకు కొసలు ఎక్కువ దొరుకుతాయి, గ్లూకోజు తొందరగా ఊడి వస్తుంది. అమైలోజు పాలు ఎక్కువుంటే నెమ్మదిగా వస్తుంది. ఈ వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచీని టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రవేశపెట్టింది. గ్లూకోజుకు 100 అనుకుంటే 55, అంతకు లోపు ఉన్నవి నెమ్మదైనవి, 70, ఆ పైన ఉన్నవి వేగమైనవి. రాజేంద్రనగర్‌లో రూపొందించిన ఆర్ఎన్ఆర్ 15048 వరి రకం, అదే తెలంగాణ సోనా, 51 ప్రాంతంలో ఉందని చెబుతారు. మేము అదే వండుతున్నాం. అయితే రకం మార్చి రెండు పళ్లేలు తింటే ఫలితం ఉండదు. జొన్నలదీ అదే మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థాలు ఉంటే జొన్నల్లో సుమారు 68. తేడా మరీ ఎక్కువేమీ కాదు. పీచు మాత్రం బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10. కాబట్టి జొన్నరొట్టె మేలే, కానీ నాలుగు తింటే మేలు మిగలదు.

బెల్లం దగ్గరే మా ఇంట్లో పెద్ద చిక్కు వచ్చింది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లివస్తాం. సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని మనం బంగారం అంటాం, కొందరు నిలువెత్తు తూచి ఇస్తారు. అది ప్రసాదంగా ఇంటికి వస్తే అమ్మకు వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ బెల్లంలో నూటికి డెబ్బై, ఎనభై పాళ్లు సుక్రోజే. మిగిలినదాంట్లో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, తేమ, కాసిని ఖనిజాలు. ఆ ఖనిజాల కోసం తినాలంటే తినకూడనంత బెల్లం తినాలి. చివరకు ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటుంది, మిగతాది ఇరుగుపొరుగుకు పంచుతుంది.

తేనె కూడా చక్కెర పాకమే. అందులో సుమారు 38 శాతం ఫ్రక్టోజు, 31 శాతం గ్లూకోజు. ఫ్రక్టోజు రక్తంలో గ్లూకోజును పెద్దగా పెంచదు కాబట్టి మీటరులో అంకె తక్కువ కనిపిస్తుంది, అది చూసి నమ్మకండి. దాన్ని ఎక్కువగా సర్దేది కాలేయం. శరీరానికి అవసరమైనదానికన్నా ఎక్కువ వస్తే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. పండులో అదే ఫ్రక్టోజు పీచుతో, నీటితో కలిసి కొద్దికొద్దిగా వస్తుంది. జామకాయ తినండి, పండ్లరసం మానండి.

ఇన్ని చెప్పాక పిండిపదార్థం శత్రువేమో అనిపించవచ్చు. కాదు. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతుంటే దానికి అందించడానికి కాలేయం 100 గ్రాముల దాకా గ్లైకోజెన్ అనే గ్లూకోజు గొలుసు రూపంలో దాచి ఉంచుతుంది. కండరాల్లో అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది గాని అది కండరాల సొంతానికే, రక్తంలోకి రాదు. శక్తి ఒక్కటే వీటి పని కూడా కాదు. డీఎన్ఏ వెన్నెముకలో ఒక చక్కెర ఉంది. మీ రక్తం 'A' గ్రూపో, 'B' గ్రూపో తేల్చేది ఎర్రకణం మీద చివర అతికి ఉన్న ఒకే ఒక్క చక్కెర అణువు. ఇంత పెద్ద శరీరంలో రక్తమంతటిలో కలిసి ఒక సమయంలో ఉండే గ్లూకోజు అయిదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాడు. ఆ చెంచాడును అటూ ఇటూ కాకుండా నిలబెట్టడమే ఇన్సులిన్ పడే శ్రమంతా.

ఇక మీ నాన్నగారి సంగతి. అన్నం మానవద్దు, కొలత పెట్టండి. మా అమ్మ మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, అంతకు రెట్టింపు కూర, పప్పు, పెరుగు తింటుంది, రాత్రి ఒక జొన్నరొట్టె. తిన్న రెండు గంటలకు మీటరు పెట్టి పది రోజులు రాసిపెట్టండి, ఆయన ఒంటికి ఏది పడుతుందో ఆ కాగితమే చెబుతుంది. దాన్ని డాక్టరుకు చూపించి మందుల మోతాదు ఆయన్నే తేల్చమనండి. ఈరోజే చేయవలసింది ఒకటుంది. మాత్రల అట్ట వెనక పేర్లు చదవండి. వోగ్లిబోస్, అకార్బోస్, మిగ్లిటాల్‌లలో ఏదైనా ఉంటే గ్లూకోజ్ పొడి పొట్లం ఒకటి వంటింట్లో, ఒకటి ఆయన మంచం పక్కన పెట్టండి. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాములు, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఇచ్చిన పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆ సమయానికి ఇంట్లో మీరు ఉండకపోవచ్చు.