వీల్‌చెయిర్‌లో అమ్మమ్మ, వెంట చిన్నపిల్లలు: శ్రీకాకుళం వైపు అడవి ఎక్కడ చూడొచ్చు?

ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు, వీల్‌చెయిర్‌లో అమ్మమ్మ. ముగ్గురినీ కలిపి అడవి బాటలో తిప్పగలిగే చోటు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉందా అని ఒకరు అడిగారు. ఉంది. కాకపోతే దాన్ని పార్కుల్లో వెతక్కండి.

మా అమ్మకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఎక్కడికెళ్లినా మేం ముందు చూసేది నేలనే. ఒక పార్కులో టికెట్ కౌంటర్ దగ్గర ర్యాంపు ఉంది, టైల్స్ ఉన్నాయి. అసలు బాట మొదలయ్యే చోట మాత్రం మెట్లు! అవి దాటితే వదులు కంకర. ముందు చక్రాలు అందులో దిగబడితే ఇద్దరు కలిసి తోసినా కదలవు. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. ర్యాంపు అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలని ప్రమాణాలూ ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ లెక్క పాటించేవాళ్లు లేరంటే నాకు చాలా కోపం. వీల్‌చెయిర్ వెళ్లే బాట మీద రెండేళ్ల పిల్లాడు పడకుండా నడుస్తాడు. బాట అందరి కోసం వేసినట్టే కదా!

మాకు దొరికిన మంచి బాట మందస వైపు, చుట్టాల జీడి తోట పక్కనే. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు తిరిగి గట్టిపడ్డ ఎర్రమట్టి దారి, దూరంగా మహేంద్రగిరి. ఉద్దానం అనే ఈ తీరప్రాంతంలో ఇసుక నేలలు ఎక్కువ, చక్రం దిగబడుతుంది. అలాంటి చోట ఇలా అణిగిన దారి దొరకడం అదృష్టమే. సంక్రాంతి సెలవులు, జీడి పూత మీదుంది, గాలంతా ఆ వాసనే.

కాస్త దూరం వెళ్లామో లేదో అమ్మ కుర్చీ ఆపమంది. ఆమె కళ్లకి ఎదురుగా, కిందికి వాలిన కొమ్మకి ఆకులన్నీ దగ్గరికి లాగి కుట్టిన గుండ్రటి గూడు. నిలబడ్డ మాకెవరికీ కనబడలేదు. మా పాప వచ్చి చెయ్యి చాపింది.

"గుంటా, చెయ్యెట్టకు, కుట్టేస్తాయి" అంది అమ్మ.

"ఏటివి నానమ్మా?"

"ఎర్రచీమలు. ఇవుంటే జీడికి పురుగు పట్టదు."

పాప కుర్చీ పక్కనే గొంతుక్కూర్చుంది. రెండాకుల మధ్య చీమలు వరసగా నిలబడి ఒక అంచుని నోటితో పట్టుకుని లాగుతున్నాయి. ఇంకొన్ని తెల్లటి పిల్లపురుగుల్ని నోట కరుచుకుని అటూ ఇటూ ఆడిస్తున్నాయి. పట్టుదారం వచ్చేది ఆ పిల్లల నుంచే, పెద్ద చీమలకి అది లేదు. నేను ఇది చెప్తే పాప "పిల్లలతో పని చేయిస్తున్నాయా!" అని ఒకటే ఆశ్చర్యం. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ రోజు మేం అంతకంటే ముందుకి పోనేలేదు. పిల్లలతో అడవికి వెళ్తే కిలోమీటర్లు లెక్కపెట్టకూడదని నా గట్టి నమ్మకం.

అక్కడికి ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. ఎండ సంగతి సరే, రాలిన జీడిపిక్కలు పిల్లలు ఏరుతారు. పచ్చి పిక్క తొక్కలోని జీడి నూనె అంటితే చర్మం బొబ్బలెక్కుతుంది.

తోట దారి వద్దనుకుంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం చూడండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి, చాలావరకు రోడ్డు మీంచే చూడొచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తారు, పేపర్లూ అదే రాస్తాయి. నిజానికి ఈ రెండూ మన దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో గూళ్లు కట్టే పక్షులు. పిల్లలకి సరైనదే చెప్పండి. బ్లూటూత్ స్పీకర్లు తెచ్చి గూళ్ల కింద పాటలు పెట్టేవాళ్లు కనిపిస్తే ఆపమని అడగండి, మొహమాటపడొద్దు.

ఇక ఎక్కడికి వెళ్లాలనుకున్నా ముందు ఫోన్ చేయండి. "వీల్‌చెయిర్ వస్తుందా?" అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు. దారిలో మెట్లెన్ని, గేటు మూడడుగుల వెడల్పుందా, బాత్‌రూమ్ గుమ్మం ఎంత ఎత్తు అని అడగండి. వీలైతే ఆ గుమ్మం ఫొటో వాట్సాప్‌లో పంపమనండి.