వాళ్లు ఆడుతున్నప్పుడు నువ్వేం చెయ్యాలంటే

అమ్మాయీ,

చిన్నపిల్లల క్లాసు ఇచ్చారని, ఆటపాటలతో చెప్పమంటున్నారు కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదని రాశావు. ముప్పై ఏళ్లు ఆ క్లాసుల్లోనే గడిపాను కాబట్టి ముఖ్యమైన మాట ముందే చెప్తాను. వాళ్ల ఆటలో, వాళ్ల బొమ్మలో నీ చెయ్యి పెట్టకు.

కొత్తలో నేను పెట్టాను. నాలుగేళ్ల బాబొకడు మనిషి బొమ్మ గీశాడు. పెద్ద తలకాయ, అందులోంచే రెండు కాళ్లు. ఆ వయసు పిల్లలు చాలామంది అలాగే గీస్తారని నాకప్పుడు తెలియదు. రబ్బరుతో చెరిపేసి, వాడి చెయ్యి పట్టుకుని మెడ, పొట్ట, చేతులు గీయించాను. బొమ్మ బాగానే వచ్చింది. మర్నాడు వాడు తెల్లకాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మీరే గీయండి టీచర్" అన్నాడు. తర్వాత చాలా రోజులు వాడు మనిషిని గీయలేదు. ఆ తెల్లకాగితం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. "ఇదేం బొమ్మ?" అని కూడా అడగకు. "దీని గురించి చెప్తావా?" అను, చాలు. కథంతా వాళ్లే చెప్తారు, ఆ చెప్పడంలోనే మాటలు పెరుగుతాయి.

చెక్క దిమ్మలు తప్పకుండా పెట్టు. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి తెరిచిన ఫ్రోబెల్, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే చెక్క ఘనాన్ని ఆటవస్తువుగా ఇచ్చాడు. రెండుగా విడదీస్తే సగం, మళ్లీ విడదీస్తే పావు, ఇంకోసారి అరపావు. భిన్నాలు బోర్డు మీదికి రాకముందే చేతికి తెలిసిపోతాయి. గోపురం కూలిందని పరుగెత్తుకెళ్లి నిలబెట్టకు. ఓ పాప చిన్న దిమ్మ మీద పెద్దది పెట్టి మూడుసార్లు పడేసుకుంది. నాలుగోసారి ఆగి, పెద్దదాన్ని కిందపెట్టి, నావైపు చూసి నవ్వింది. నేను చెప్పేసి ఉంటే ఆ నవ్వు ఉండేది కాదు.

తల్లిదండ్రులు "రోజంతా ఆటలేనా, అక్షరాలెప్పుడు?" అంటారు. టెన్షన్ పడకు. పిల్లలు కర్రని గుర్రం చేసుకుని ఆడటం గురించి రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చాలా ఆలోచించాడు. ఒకటి ఇంకోదాని బదులు నిలబడగలదని పిల్లలకు తెలిసేది ఆ ఆటలోనే. గీత ఒక శబ్దానికి బదులు నిలబడటమేగా అక్షరమంటే! అలాగని అక్షరాలు ఆటలోంచి వాటంతటవే రావు, కూర్చోబెట్టి నేర్పాల్సిందే.

పాటలకు చప్పట్లు కొట్టించు. నోరు విప్పని పిల్లలుంటే చేతికి తొడిగే బొమ్మ ఇచ్చి చూడు. పిల్ల మాట్లాడకపోయినా బొమ్మ మాట్లాడుతుంది.

"రాయడం అయితేనే ఆట" అని మాత్రం ఎప్పుడూ అనకు. నెమ్మదిగా రాసే పిల్లలకే ఆట దక్కకుండా పోతుంది, దాని అవసరం ఎక్కువున్నది వాళ్లకే.

బెల్లు కొట్టేసరికి ఇల్లు సగమే కట్టి ఉంటే కూల్చి సర్దించకు. చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఊడ్చేవాళ్లకు ఓ మాట చెప్పి వదిలెయ్యి. మర్నాడు బ్యాగు భుజాన ఉండగానే అక్కడికి పరుగెడతారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ