‘రోజిన్ జెడ్’: మంచాన పడ్డ మనిషిని చూసుకున్న ఇంటి నుంచి ఒక జవాబు

ఇంట్లో మంచాన పడ్డవాళ్లకి సేవ చేసినవాళ్లు ‘రోజిన్ జెడ్’ చూడగలరా, అది యంత్రాలు వద్దని చెప్పే నీతికథేనా అని అడిగారు. హాయిగా చూడొచ్చు. నీతికథ కాదు, సగానికి పైగా అల్లరే.

1991లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా. కథ ‘అకిరా’ తీసిన కత్సుహిరో ఒతోమోది, దర్శకత్వం హిరోయుకి కితకుబో. భార్య పోయి, మంచానికి అంటుకుపోయిన తకజావాకి 87 ఏళ్లు. నర్సింగ్ చదివే హరుకో వచ్చి చూసిపోతుంటుంది. సర్కారువాళ్లు ఆయన్ని తీసుకెళ్లి జెడ్-001 అనే కొత్త మంచంలో పడుకోబెడతారు. తినిపించడం, స్నానం, మలమూత్రాలు ఎత్తిపోయడం, కాళ్లూ చేతులూ ఆడించడం అన్నీ దాని పనే. లోపల అణు రియాక్టరు కూడా ఉంది, ఏం చెప్పమంటారు! దాన్ని విలేకరులకి చూపించే సీనులో అందరి కళ్లూ మంచం మీదే. నీకెలా ఉంది తాతా అని అడిగే నాథుడు లేడు.

హరుకోకి ఆ మంచం చూస్తేనే ఒళ్లు మండుతుంది. నాకు అంత కోపం రాలేదు. పక్షవాతంతో పడిపోయిన మా మామ్మని పక్కకి తిప్పాలంటే నడుం కింద దుప్పటి మడతేసి, అటొకరు ఇటొకరు పట్టుకుని ఒక్క ఊపున లాగాలి. పగలూ రాత్రీ అదే పని. అమ్మ నడుం ఆ పనికే పోయింది. ఎత్తి తిప్పే యంత్రం ఎవరైనా ఇచ్చి ఉంటే కళ్లకద్దుకునేవాళ్లం. మాకు దొరికింది ఎయిర్ బెడ్డే. దాని గొట్టాల్లో గాలి మార్చి మార్చి నిండుతుంది, పుండ్లు పడకుండా. తిప్పడం మాత్రం తప్పలేదు. మంచం చివర తగిలించిన దాని పంపు గుయ్యిమంటూనే ఉండేది. మామ్మకది నీళ్ల మోటారు. “ట్యాంకు నిండిపోయుంటుంది, కట్టెయ్యవే” అని అర్ధరాత్రి కేక. “ఇంకా సగమే నిండింది అత్తయ్యా” అని అమ్మ బదులిచ్చేది. అప్పుడు పడుకునేది.

సినిమాలో నన్ను పట్టుకున్నదీ ఇలాంటి చోటే. తకజావా పిలుపు హరుకో కంప్యూటర్ తెర మీద పడుతుంది. ఆసుపత్రిలో ఉన్న ముసలి హ్యాకర్లు ఆయన చనిపోయిన భార్య గొంతు తయారుచేసి మంచంలోకి పంపిస్తారు. మంచం ఆ భార్యే అయిపోయి, సముద్రం చూస్తానన్న మొగుణ్ణి ఎత్తుకుని కామకురాకి బయల్దేరుతుంది. దారిలో అడ్డొచ్చిందల్లా తుక్కుతుక్కు. ఆ గొంతు ఉత్తుత్తిదే, మా అమ్మ చెప్పిన సగం ట్యాంకు లాగే. అయినా పెద్దాయనకి అంతవరకు జవాబు చెప్పింది అదొక్కటే. మంచం పిచ్చెక్కి తిరగబడిందని కొందరంటారు. నాకైతే ముసలాయన మాట వినడం మొదలుపెట్టాకే సర్కారుకి అది ప్రమాదంగా కనబడిందనిపిస్తుంది. అసలు దాని వెనక ఆయుధాల ప్రయోగం ఉందని తర్వాత బయటపడుతుంది. ఆ భాగం నాకు మామూలుగానే అనిపించింది.

ఒకటి గుర్తుపెట్టుకుని చూడండి: అప్పటికి జపాన్‌లో నలభై దాటినవాళ్లంతా ప్రీమియం కట్టే ముసలివాళ్ల సంరక్షణ బీమా లేదు, 2000లో వచ్చింది. ఈ చాకిరీ అప్పుడు ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల నెత్తినే ఉండేది. సినిమాలో ఆ సర్కారువాళ్ల హడావుడి అందుకే మరీ గాలిలోంచి ఊడిపడినట్టు ఉండదు.

సినిమా 80 నిమిషాలే. కొన్ని జోకులు మొరటుగా ఉంటాయి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. ఆ ముసలి హ్యాకర్ల కోసమైనా జపనీస్ గొంతులతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి.