మూత బిగించిన సీసాలోకి పురుగు ఎలా వచ్చింది?

ప్రశ్న: అలసందలు, రాజ్మా శుభ్రంగా ఏరి, ఎండబెట్టి, వేపాకు వేసి గాజు సీసాల్లో పోశాను. రెండు నెలలు మూత తియ్యలేదు. ఇప్పుడు చూస్తే గింజలకి గుండ్రటి చిల్లులు, అడుగున పిండి, పైన పాకే పురుగులు. మూత బిగించాక ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎక్కణ్ణుంచీ రాలేదండీ, గింజలోనే ఉండి మీ ఇంటికొచ్చాయి. ఈ పుచ్చు పురుగు చాలాసార్లు పొలంలో కాయ ఎండేటప్పుడే గుడ్డు పెట్టేస్తుంది, అక్కడ తప్పించుకున్నా గోదాములో పక్క బస్తా నుంచి అంటుకుంటుంది. ఒక అలసంద గింజని వెలుతురులో పట్టుకుని చూడండి. తొక్క మీద ఆవగింజ కన్నా చాలా చిన్న తెల్లచుక్క అతుక్కుని ఉంటే అది గుడ్డు, గోటితో గీకితే గానీ రాదు. పిల్ల పురుగు ఆ గుడ్డు అడుగు నుంచే తిన్నగా గింజలోకి తొలుచుకుపోతుంది, తిని పెరిగేదంతా లోపలే. వేడి వాతావరణంలో సుమారు నెల తిరిగేసరికి తొక్కని గుండ్రంగా కోసుకుని బయటపడుతుంది, మీరు చూసిన చిల్లు అదే. పైకొచ్చిన పురుగు నిల్వ గింజల్ని తినదు, ఉన్న కొద్ది రోజుల్లో జతకట్టి పదుల కొద్దీ గుడ్లు పెట్టి పోతుంది. అందుకే మొదటి నెల ఏమీ కనపడదు, రెండో నెలలో ఒక్కసారిగా కొంప మునుగుతుంది.

వేపాకు బయటి పురుగుని కొంత దూరంగా ఉంచొచ్చేమో గానీ గింజ లోపలున్నదాన్ని ఏం చేస్తుంది? ఎండ కూడా అంతే, మామూలుగా ఆరబోస్తే పైనున్నవి ఎగిరిపోతాయి, లోపలివి హాయిగా ఉంటాయి. ముందు లోపలిదాన్ని చంపాలి, ఆ తర్వాతే సీసా. తేలికైన దారి ఫ్రీజర్: గింజల్ని చిన్న చిన్న ప్యాకెట్లుగా కట్టి మైనస్ 18 డిగ్రీల్లో ఒక వారం ఉంచండి. బయటికి తీసిన వెంటనే మాత్రం విప్పొద్దు, చల్లటి గింజ మీద చెమ్మ పట్టి బూజు తగులుకుంటుంది, మామూలు వేడికి వచ్చాక విప్పండి.

సీసా నిండా పోశారా, సగమేనా? సగమే అయితే మిగతా సగం గాలే కదా, పురుగుకి అది బాగా సరిపోతుంది. గొంతుదాకా నింపండి.

రాజ్మాకి వచ్చే ఒక రకం పురుగు గుడ్లని అతికించదు, గింజల మధ్య విడిగా వదిలేస్తుంది. పిల్ల పురుగు గింజలోకి దూరడానికి పక్క గింజకి ఆనుకుని గంటల తరబడి తొలవాలి, రోజుకి రెండుసార్లు డబ్బాని దొర్లిస్తే దానికి ఆ పట్టు దొరక్క చచ్చిపోతుంది. నమ్మబుద్ధి కాదు గానీ పరీక్షించి చూసిన సంగతే. కాకపోతే రోజూ గుర్తుపెట్టుకుని దొర్లించే ఓపిక ఎంతమందికి ఉంటుంది!

ప్రశ్న: మాకు బస్తాల్లో ఉంటాయి, ఫ్రీజర్ కుదరదు. పురుగు చావడానికి గ్యాస్ వదిలే మందు గోళీలు పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?
– ఒక రైతు

జవాబు: ఇంట్లో వద్దు, ఒక్కటి కూడా వద్దు. ఆ గోళీల నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ మనుషుల్నీ చంపుతుంది, పక్క గదిలో పడుకున్నవాళ్లు పోయిన సందర్భాలున్నాయి. అది శిక్షణ ఉన్నవాళ్లు, మనుషులుండని గోదాముల్లో చేసే పని.

మీకు మూడు పొరల సంచి నయం. 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల నిల్వ కోసం అమెరికాకి చెందిన పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది: లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు నేత సంచి, ఒక్కోదాన్ని గాలి పిండేసి విడివిడిగా బిగించి కట్టాలి. లోపలి ఆక్సిజన్‌ని పురుగులే వాడేసుకుంటాయి, అది తగ్గాక తిండి మానేస్తాయి. తిన్నదాని నుంచే ఒంట్లో నీరు తయారుచేసుకునే జీవి కాబట్టి చివరికి ఎండిపోయి చస్తాయి. గింజ బాగా ఎండాకే కట్టాలి, మధ్యమధ్యలో విప్పి చూస్తుంటే మాత్రం కట్టినా దండగే. ఎలక కొరికితే కూడా అంతే, కాబట్టి సంచిని గోడకి ఆనించకుండా పెట్టండి.

కొద్దిపాటి గింజలైతే కిలోకి 5 మి.లీ. వంటనూనె ప్రతి గింజకీ అంటేలా కలపండి. తొక్క మీది గుడ్డుకి ఊపిరాడదు. అయితే అప్పటికే లోపలికి దూరినవాటి మీద పెద్దగా పనిచెయ్యదు కాబట్టి ఇది కొత్త గింజలకే.